అనీ ఓక్లీ: టర్కీ కోడి నుంచి చిల్లు పడ్డ పాసు దాకా.. గురి తప్పని మనిషికి దక్కిన వింత బహుమతులు

ఖరగ్‌పూర్‌లో ప్రేమ్ బజార్ నుంచి నిమ్‌పురా దాకా ఏ తెలుగు రైల్వే కుటుంబాన్ని కదిలించినా పాసు విలువ ఏమిటో చెబుతారు. ఏడాదికి ఇన్ని సెట్లని లెక్క. శ్రీకాకుళం వైపు సొంతూళ్లో పెళ్లి ముహూర్తం కుదిరిందంటే మొదట చూసుకునేది పాసు మిగిలిందా లేదా అనే. మనం దాన్ని పాసు అనే అంటాం. అమెరికాలో మాత్రం సర్కస్‌కో, నాటకానికో, బేస్‌బాల్ ఆటకో డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్‌కు ఒక మనిషి పేరే పెట్టేశారు. అలాంటి టికెట్లకు ముందే చిల్లు కొట్టేవారు. సాయంత్రం వసూళ్లు లెక్కపెట్టేటప్పుడు డబ్బిచ్చి కొన్నవేవో, ఊరికే ఇచ్చినవేవో తేలడానికి అది గుర్తు. ఆ చిల్లు పడ్డ అట్టముక్కను చూస్తే జనానికి తుపాకీ గుండు దూసుకుపోయిన పేకముక్క గుర్తొచ్చింది. పేకముక్క అంటే గుర్తొచ్చే మనిషి అప్పట్లో ఒక్కరే: అనీ ఓక్లీ. అలా ఫ్రీ పాసు పేరు 'అనీ ఓక్లీ' అయింది.

పైసా పైసా కూడబెట్టి బతికిన మనిషి పేరు చివరికి పైసా ఇవ్వకుండా లోపలికి వెళ్లేవాళ్ల టికెట్‌కు స్థిరపడింది. ఆమె జీవితంలో బహుమతుల లెక్కంతా ఇలాగే సాగింది.

అసలు పేరు ఫీబీ ఆన్ మోజీ. 1860 ఆగస్టు 13న ఒహాయో రాష్ట్రంలోని డార్క్ కౌంటీలో, ఒక పేద రైతు ఇంట్లో పుట్టింది. ఇప్పుడు మన తెలుగువాళ్లు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లి స్థిరపడుతున్న డేటన్ నగరానికి అది సుమారు గంట ప్రయాణం. అప్పట్లో అడవులు, మొక్కజొన్న చేలు, చలి. ఆమెకు ఆరేళ్లయినా నిండకముందే తండ్రి జేకబ్ మంచు తుపానులో చిక్కుకుని, ఆ జబ్బుతోనే చనిపోయాడు. ఇంటి నిండా పిల్లలు. తల్లి సూసన్ ఎంత కష్టపడినా పొయ్యి వెలగని రోజులు వచ్చాయి. ఎనిమిదేళ్లప్పుడు గోడకు వేలాడుతున్న తండ్రి పాత తుపాకీ దించి పేల్చడం తన మొదటి వేట అని అనీ తర్వాత చెప్పుకుంది.

పదేళ్ల వయసులో ఆ పిల్లను కౌంటీ అనాథాశ్రమానికి పంపారు. అక్కడి నుంచి ఒక కుటుంబం వారానికి 50 సెంట్ల జీతమని, బడికి పంపిస్తామని నమ్మబలికి పనికి తీసుకెళ్లింది. జీతం లేదు, బడి లేదు. తెల్లవారకముందే లేచి వంట, పాలు పితకడం, పసిబిడ్డను చూసుకోవడం. ఒకసారి కునుకు పట్టిందని చెప్పుల్లేకుండా మంచులోకి గెంటేశారు. దాదాపు రెండేళ్ల తర్వాత తప్పించుకుని బయటపడింది. ఆ మనుషుల పేర్లు ఆమె జీవితాంతం బయటపెట్టలేదు. 'తోడేళ్లు' అని మాత్రం అనేది. తన పరువు తీసిన పత్రికలను కోర్టుల వెంట తిప్పిన మనిషి తనను హింసించిన వాళ్ల పేర్లు దాచిపెట్టడం విచిత్రమే. చదివినప్పుడల్లా నన్ను ఆపేసే విషయం ఇది.

ఇంటికొచ్చాక తుపాకీయే కుటుంబానికి అన్నం పెట్టింది. కౌజులు, కుందేళ్లు కొట్టి గ్రీన్‌విల్ ఊళ్లో కాట్జెన్‌బర్గర్ సోదరుల కొట్టుకు అమ్మేది. అక్కడి నుంచి ఆ మాంసం సిన్సినాటి హోటళ్లకు వెళ్లేది. తలకు గురిపెట్టి కొట్టేది కాబట్టి తినేవాళ్ల పంటికి సీసం గుళ్లు తగిలేవి కావని, అందుకే ఆమె సరుకుకు గిరాకీ ఎక్కువని చెబుతారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ సొమ్ముతోనే తల్లి ఇంటి మీద ఉన్న తాకట్టు తీర్చేసింది. ఆమె గురికి దక్కిన మొదటి పెద్ద బహుమతి ఇదే.

ఆ రోజుల్లో పల్లెల్లో తుపాకీ పందేలు అంటే టర్కీ కోడి పందేలే. మన దగ్గర సంక్రాంతికి కోడి పోరాడుతుంది, మనిషి పందెం కాస్తాడు. అక్కడ మనిషి పోటీపడతాడు, కోడి బహుమతి అవుతుంది. తలా కొంత రుసుము కడతారు. గెలిచినవాడికి ఒక టర్కీ, ఒక పంది తొడ, లేదంటే అలాంటిదే మరొకటి. పది మంది కట్టిన రుసుము లెక్కవేస్తే బజారులో ఆ కోడి సగం ధరకే వస్తుంది. అయినా గెలిచినవాడు దాన్ని చంకన పెట్టుకుని ఊరంతా తిరిగి వెళ్లడం ముఖ్యం. అనీ వరసగా గెలుస్తుంటే మిగతావాళ్లకు ఆ ముచ్చటా దక్కకుండా పోయిందని, చివరికి ఆమెను పందేలకు రానివ్వడం మానేశారని డార్క్ కౌంటీలో చెప్పుకునేవారు.

సిన్సినాటి హోటల్ యజమాని జాక్ ఫ్రాస్ట్ ఒక పందెం ఏర్పాటు చేశాడు. అవతలి వైపు ఫ్రాంక్ బట్లర్. ఐర్లాండ్ నుంచి చిన్నతనంలో వలస వచ్చి, ఊరూరా వేదికల మీద తుపాకీ విద్య చూపించి బతుకుతున్నవాడు. ఈ చుట్టుపక్కల ఎవరినైనా ఓడిస్తానని 100 డాలర్లు పందెం కాశాడు. ఎదురుగా వచ్చి నిలబడింది ఐదడుగుల పిల్ల. అది 1875లోనా, 1881లోనా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఫలితం మీద మాత్రం తగువు లేదు. 25వ పిట్ట బట్లర్‌కు దక్కలేదు, ఆమె 25కు 25 కొట్టింది. పందెం డబ్బు పోగొట్టుకున్న బట్లర్ ఆ అమ్మాయిని తన ప్రదర్శనకు పిలిచాడు. అతని దగ్గర జార్జ్ అనే పూడిల్ కుక్క ఉండేది. దాని తల మీద ఆపిల్ పెట్టి కొట్టడం ప్రదర్శనలో భాగం. ముక్కలైన ఆపిల్‌లో ఒక ముక్క తెచ్చి జార్జ్ ఆమె కాళ్ల దగ్గర పెట్టిందట. ఆ తర్వాత ఆమె కుక్కకు శుభాకాంక్షలు పంపడం, కుక్క పేరుతో అతను మిఠాయిలు పంపడం, చివరికి పెళ్లి. ఓడిపోయిన మగవాడు ఆ ఓటమిని జీవితమంతా సంతోషంగా చెప్పుకుని తిరగడం ఆ కాలానికే కాదు, ఈ కాలానికీ అరుదే.

1882లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బట్లర్ జోడీకి జబ్బు చేసింది. ఆ రోజు ఆమె వేదిక ఎక్కింది. అప్పుడే ఓక్లీ అన్న పేరు పెట్టుకుంది. కొన్నాళ్లకే బట్లర్ ఒక నిర్ణయం తీసుకున్నాడు: జనం చూడటానికి వస్తున్నది ఆమెను. అంతే, తుపాకీ దించి ఆమె మేనేజరయ్యాడు.

1884లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో ఆమె ప్రదర్శన చూసిన వాళ్లలో లకోటా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ ఉన్నాడు. అమెరికా సైన్యాన్ని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర మట్టికరిపించిన తెగలకు పెద్ద, అప్పటికి ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నవాడు. ఆమె ఫొటో కావాలని 65 డాలర్లు పంపాడని, ఆమె ఫొటో ఇచ్చి డబ్బు తిప్పి పంపిందని అంటారు. కూతురిగా స్వీకరించి, వాళ్ల భాషలో 'గురి తప్పని చిన్నది' అని అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. జీవితాంతం పోస్టర్ల మీద ఆ పేరే వెలిగింది.

మరుసటి ఏడాది, 1885లో, బఫెలో బిల్ కోడీ నడిపే 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శనలో చేరింది. అంతకుముందు అక్కడ తుపాకీ విద్య చూపించిన కెప్టెన్ బోగార్డస్ వెళ్లిపోవడంతో ఖాళీ వచ్చింది. ఆ కాలపు సామర్థ్యానికి ఒక కొలత చెప్పాలంటే, ఆమె ఒకే రోజు 9 గంటల పాటు తన తుపాకులు తానే నింపుకుంటూ 5,000 గాజు బంతుల్లో 4,772 పగలగొట్టింది.

గాజు బంతులేమిటని అడగొచ్చు. ట్రాప్ షూటింగ్ మొదలైంది ప్రాణమున్న పావురాలతో. ఒక పెట్టెలో పావురాన్ని మూసి, తాడు లాగగానే మూత తెరుచుకుని అది ఎగిరేలా చేసేవారు. ట్రాప్ అంటే ఆ పెట్టె. తర్వాత గాజు బంతులు వచ్చాయి. కొన్నింటిలో ఈకలు కూరేవారు, పగిలినప్పుడు పిట్టే రాలినట్టు కనిపించాలని. మైదానాల నిండా గాజుపెంకులు పేరుకుపోయాయి. 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ మట్టి పళ్లెం కనిపెట్టాడు. నీళ్ల మీద పిల్లలు విసిరే పెంకు తేలుతూ పోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని కథ. ఇవాళ మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది ఆ పళ్లెం వారసుల మీద గురిపెట్టే. మట్టి పోయి సున్నపురాయి, తారు కలిపిన ముద్ద వచ్చింది, పేరు మాత్రం ఇప్పటికీ మట్టి పావురమే.

ఈ ఆటలో బహుమతులు పంచే పద్ధతి అంతకంటే విచిత్రం. పోటీదారుల రుసుములన్నీ కలిపి ఒక మూట. దాన్ని స్థానాలవారీగా పంచుతారు. ఒకే స్కోరు వచ్చినవాళ్లు ఆ స్థానం సొమ్మును సమానంగా పంచుకోవాలి. ఉదాహరణకు మూట 100 డాలర్లు అనుకుందాం. మొదటి స్థానానికి 40, రెండో దానికి 30, మూడో దానికి 20, నాలుగో దానికి 10. ఐదుగురు 25కు 25 కొట్టారు. తలా 8 డాలర్లు. ఒకడు 24 కొట్టాడు. వాడికి ఒక్కడికే 30. అంటే ఒక్క పళ్లెం తప్పినవాడు, ఏదీ తప్పనివాడి కంటే దాదాపు నాలుగింతలు ఇంటికి తీసుకెళ్తాడు. ఈ లెక్క అర్థమైన షూటర్లు ఏం చేస్తారు? పక్కవాళ్ల స్కోరు చూసుకుని చివరి పళ్లేన్ని కావాలని వదిలేయడం మొదలుపెట్టారు. ఆ మోసానికి ఆటలో ప్రత్యేకంగా పేరే ఉండేది. దాన్ని ఆపడానికి పంపకం పద్ధతులే మార్చాల్సి వచ్చింది. బహుమతి గెలవడానికి గురి తప్పాల్సిన ఆట ఇంకోటి ఉంటుందా అని నా అనుమానం.

1900 పారిస్ ఒలింపిక్స్‌ ఏడాది జరిగిన పావురాల పోటీ మరో తమాషా. సుమారు 300 పావురాలు చచ్చాయి. తీరా అంతా అయ్యాక మొదటి నలుగురూ బహుమతి సొమ్మును తమలో తాము పంచేసుకున్నారు.

ఇలాంటి ఆటలో అనీ ఓక్లీ రెండు రకాలుగా బతికింది. ప్రదర్శనలో జీతం. బయట క్లబ్బుల్లో పందేలు, పతకాలు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల ఏడాది వైల్డ్ వెస్ట్ బృందం లండన్ వెళ్లినప్పుడు రాణి స్వయంగా వచ్చి చూసింది. లండన్ గన్ క్లబ్ బంగారు పతకం ఇచ్చింది. ఆడవాళ్లకు సభ్యత్వం సంగతి దేవుడెరుగు, గడపలోకి రానివ్వడమే గొప్ప అనుకునే రోజులవి. 1889లో పారిస్‌లో ఆమె ప్రదర్శన చూసిన ఒక ఆఫ్రికా రాజు, తన రాజ్యంలో మనుషులను తినే పులులను చంపడానికి ఆమె కావాలని, లక్ష ఫ్రాంకులకు అమ్మమని కోడీని అడిగాడని మరో కథ. ఆఫ్రికాలో పులులే లేవన్న సంగతి ఆ కథ రాసిన విలేకరులకు పట్టలేదు.

బెర్లిన్‌లో ఆమె ఒక యువరాజు నోట్లో సిగరెట్‌ను గుండుతో ఎగరగొట్టిందని, అతనే తర్వాత కైజర్ విల్‌హెల్మ్ అయ్యాడని ప్రసిద్ధి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక అమెరికన్లు ఆ గుండు కాస్త పక్కకు పోయి ఉంటే బాగుండేదని జోకులు వేసుకున్నారు. ఆమె గురి తప్పాలని దేశం కోరుకున్న సందర్భం అదొక్కటే.

డబ్బు విషయంలో ఆమె పిసినారి అని బృందంలో నవ్వుకునేవారు. బఫెలో బిల్ గుడారంలో ఉచితంగా దొరికే నిమ్మరసాన్ని తన కూజాలో నింపుకుని వెళ్లేదట. చిన్నప్పుడు వారానికి 50 సెంట్లు కూడా చేతికి రాని మనిషి అని గుర్తుంటే నవ్వు రాదు. వయసు విషయంలోనూ కొంచెం లెక్క తప్పించేది. 1886లో లిలియన్ స్మిత్ అనే పదిహేనేళ్ల పిల్ల బృందంలో చేరగానే అనీ తన పుట్టిన సంవత్సరాన్ని ఆరేళ్లు ముందుకు జరిపేసుకుంది.

1898లో స్పెయిన్‌తో యుద్ధం ముంచుకొస్తుంటే అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. గురి తెలిసిన 50 మంది ఆడవాళ్లను, సొంత తుపాకులు, తూటాలతో సహా తీసుకొస్తానంది. ప్రభుత్వం ఉలకలేదు. 1917లో మళ్లీ అడిగింది. మళ్లీ అదే.

1901 అక్టోబర్ 29న నార్త్ కరోలినాలో లెక్సింగ్టన్ దగ్గర బృందం రైలు మరో రైలును ఢీకొట్టింది. వందకు పైగా గుర్రాలు చచ్చిపోయాయి. ఆమె నడుముకు దెబ్బ తగిలిందని, రాత్రికి రాత్రి జుట్టు తెల్లబడిపోయిందని కథలు వచ్చాయి. తెల్లబడటానికి ఒక స్నానశాలలో మరీ వేడి నీళ్లలో ఉంచేయడమే కారణమని కూడా అంటారు. ఏదైనా వైల్డ్ వెస్ట్‌తో బంధం అక్కడ తెగింది. బట్లర్ తూటాల కంపెనీకి ప్రతినిధిగా చేరాడు.

అసలు దెబ్బ 1903 ఆగస్టులో తగిలింది. షికాగోలో కొకైన్ కోసం దొంగతనం చేసి దొరికిపోయిన ఒక స్త్రీ పోలీసులకు తన పేరు అనీ ఓక్లీ అని చెప్పింది. విలియం రాండాల్ఫ్ హెర్స్ట్ పత్రిక సరిచూసుకోకుండా అచ్చేసింది. తంతి వార్తల కాలం. ఒకటి అచ్చేస్తే దేశమంతా అచ్చు. మత్తుకు బానిసై రోడ్డున పడిన ఒకనాటి తార అన్నది పత్రికలకు విందు భోజనం. నిజమైన అనీ న్యూజెర్సీలోని ఇంట్లో నిక్షేపంగా ఉంది. తప్పు తేలాక పత్రికలు సవరణలు వేశాయి. ఆమె సవరణలతో ఊరుకోలేదు. ఒక్కో పత్రిక మీద ఒక్కో దావా, మొత్తం 55. ఊరూరా కోర్టులకు వెళ్లి, బోను ఎక్కి, ఎదుటి లాయర్ల ఎత్తిపొడుపులు విని సమాధానం చెప్పింది. ఆమె గతంలో మచ్చ ఏదైనా దొరుకుతుందేమోనని హెర్స్ట్ డార్క్ కౌంటీకి మనిషిని పంపి తవ్వించాడు. ఏమీ దొరకలేదు. దాదాపు ఆరేడేళ్లు ఇదే పని. 55లో 54 నెగ్గింది, లేదా రాజీతో సొమ్ము రాబట్టింది.

వచ్చిన పరిహారాలన్నీ కలిపినా ప్రయాణాలకు, లాయర్లకు, పోగొట్టుకున్న ప్రదర్శనలకు అయిన ఖర్చు కంటే తక్కువే. టర్కీ పందెం లెక్కే ఇక్కడా. కట్టిన రుసుము ఎక్కువ, చేతికొచ్చింది తక్కువ. కానీ వార్తలు రాసి బతికే మాలాంటి వాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆమె డబ్బు కోసం వేయలేదు ఆ దావాలు. గురి ఎంత గొప్పదైనా, పేరు పోతే ఆడమనిషిని వేదిక ఎక్కనివ్వని లోకంలో ఆమె ఆస్తి అంతా ఆ పేరే.

చివరి పదేళ్లలో ఎక్కువ కాలం నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో గడిపారు. అక్కడ ఆడవాళ్లకు తుపాకీ నేర్పింది. జీవితం మొత్తం మీద ఆమె నేర్పినవాళ్లు వేలల్లో ఉంటారు. యుద్ధకాలంలో డేవ్ అనే కుక్కతో రెడ్ క్రాస్‌కు చందాలు పోగుచేసింది. దాతలు డబ్బును రుమాల్లో చుట్టి ఎక్కడైనా దాచాలి. డేవ్ వాసన పట్టి కనిపెడితే ఆ డబ్బు రెడ్ క్రాస్‌ది. 1922లో, 62 ఏళ్ల వయసులో, పైన్‌హర్స్ట్‌లో 16 గజాల దూరం నుంచి వరసగా 100 మట్టి పళ్లేలు పగలగొట్టింది. అదే ఏడాది నవంబరులో ఫ్లోరిడాలో కారు బోల్తాపడి తుంటి, చీలమండ విరిగాయి. కాలికి ఉక్కు పట్టీ వేసుకుని మళ్లీ తుపాకీ పట్టింది.

మరి ఆ పతకాలు? దేశదేశాల క్లబ్బులు, రాజులు ఇచ్చిన బంగారు పతకాల్లో చాలావాటిని ఆమె కరిగించి అమ్మించి, ఆ డబ్బును క్షయ రోగుల ఆసుపత్రికి ఇచ్చేసిందని జీవిత చరిత్రలు చెబుతాయి. క్షయ ఆమె సొంత కుటుంబంలోనూ మనుషులను తీసుకుపోయింది. అద్దాల బీరువాలో దుమ్ము పట్టే బంగారం కంటే అదే మేలనుకుని ఉంటుంది. మిగిలిన తుపాకులు, దుస్తులు, వస్తువులు కొన్ని గ్రీన్‌విల్‌లోని గార్స్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఒహాయోలో బంధువులున్నవాళ్లు అటువైపు వెళితే చూసి రావచ్చు.

1946లో ఇర్వింగ్ బెర్లిన్ పాటలతో ఆమె మీద బ్రాడ్‌వే సంగీత నాటకం వచ్చి ఏళ్ల తరబడి ఆడింది. అందులో చివరి పోటీలో అనీ కావాలని గురి తప్పుతుంది. గెలిస్తే మగవాడు దక్కడని తెలుసుకుని ఓడిపోయి పెళ్లాడుతుంది. నిజంగా జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. ఆమె గెలిచింది కాబట్టే అతను దక్కాడు. ఫ్రీ పాసుకు పేరు పెట్టడం సరదా. ఇది మాత్రం నాకు సరదాగా అనిపించదు. స్థానం కోసం చివరి పళ్లేన్ని వదిలేసే షూటర్ల మోసాన్ని, అలాంటి అవసరమే లేని మనిషికి అంటగట్టారు.

అనీ ఓక్లీ 1926 నవంబర్ 3న గ్రీన్‌విల్‌లో కన్నుమూసింది. ఆమె పోయాక బట్లర్ అన్నం మానేశాడని అంటారు. 18 రోజులకే, నవంబర్ 21న, అతనూ పోయాడు. ఇద్దరినీ బ్రాక్ అనే చిన్న ఊరి శ్మశానంలో పక్కపక్కనే ఖననం చేశారు. ఆమెది దహనం. ఆ చితాభస్మాన్ని ఆమె గెలుచుకున్న కప్పుల్లో ఒకదాంట్లో ఉంచి, అతని శవపేటికలో పక్కన పెట్టారని చెబుతారు.